కొత్త శ్రోతలు కావలెను, మైకు ఇవ్వబడదు

మా పట్నంలో ఒక సాహిత్య చర్చావేదిక ఉంది. మీ ఊళ్లోనూ ఉండే ఉంటుంది. పేరు మారుతుంది గానీ మనుషులు మారరు. నెలనెలా మూడో ఆదివారం సాయంత్రం సరిగ్గా ఐదు గంటలకు సభ అని ఆహ్వానపత్రంలో వేస్తారు. సరిగ్గా ఐదంటే ఆరున్నర అని పాతకాపులందరికీ తెలుసు. తెలియనిది కొత్తవాడికే. వాడు ఐదింటికే వచ్చి, తాళం వేసిన హాలు గుమ్మం ముందు కాసేపు నిలబడి, వాచ్‌మన్‌ను అడిగి, అతనికీ సంగతి తెలియదని తెలుసుకుని, ఎదురుగా ఉన్న బండి దగ్గర టీ తాగి ఇంటికి పోతాడు. ఆరున్నరకు మైకు అందుకున్న కార్యదర్శిగారు ఖాళీ కుర్చీల వంక చూసి, "ఈ రోజుల్లో యువతకు సాహిత్యం మీద ఆసక్తి తగ్గిపోయింది" అని విచారం వ్యక్తం చేస్తారు.

ఆ విచారం ముదిరి, ఈమధ్య "నూతన శ్రోతలను ఆకర్షించుట ఎలా?" అన్న ఏకైక అంశంతో కార్యవర్గం సమావేశమైంది. మా వేదికకు గౌరవాధ్యక్షులు ఒకరు, అధ్యక్షులు ఒకరు, కార్యనిర్వాహక అధ్యక్షులు ఒకరు, ఉపాధ్యక్షులు నలుగురు, ప్రధాన కార్యదర్శి, సహాయ కార్యదర్శులు, కోశాధికారి ఉన్నారు. కోశం లేదు, అధికారి ఉన్నారు. వీళ్లు కాక ఉత్త సభ్యుడెవరైనా మిగిలాడా అని చూస్తే నేను తేలాను. ఉత్త సభ్యుడు ఉండటం వేదికకు నామోషీ కాబట్టి అప్పటికప్పుడు నన్ను సలహాదారును చేశారు. దాంతో మా సంఘంలో వినేవాడంటూ ఎవడూ లేకుండా పోయాడు.

సలహాలు జోరుగా వచ్చాయి. ఒకాయన ఫ్లెక్సీ ఇంకా పెద్దది వేయించాలన్నారు. కిందటి నెల ఫ్లెక్సీలో ఆయన ఫొటో మరీ చిన్నదైపోయిందన్న బాధ అందులో కలిసి ఉందని తర్వాత తెలిసింది. ఇంకొకాయన టీవీ సీరియల్ నటుణ్ణి ముఖ్య అతిథిగా పిలుద్దామన్నారు. మూడో ఆయన టిఫిన్ పెడితే వాళ్లే వస్తారన్నారు. ఉప్మానా ఇడ్లీనా అన్న దగ్గర ముప్పావుగంట వాదన జరిగింది. వేదిక చరిత్రలో అందరూ పాల్గొన్న చర్చ అదొక్కటే. చివరికి, ఫలానా డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ మనవాడేనని, ఓ మాట చెబితే పిల్లల్ని పంపిస్తాడని తేలింది. ఏకగ్రీవంగా ఆమోదించారు. ఆ వచ్చినవాళ్లను వచ్చాక ఏం చేద్దామన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు.

మే నెల మూడో ఆదివారం పిల్లలు వచ్చారు. నలభై మంది. మొదటి రెండు వరుసల కుర్చీల మీద అప్పటికే తువ్వాళ్లు, గొడుగులు, చేతిసంచులు పెద్దల తరఫున ఆసీనులై ఉన్నాయి. పిల్లల్ని వెనక్కి పంపారు. వేదిక మీద తొమ్మిది కుర్చీలు. అతిథుల్లో మనకు బోలెడు రకాలున్నాయి కదా: ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి. ఆత్మీయ అతిథి అంటే ఆహ్వానపత్రం ప్రెస్సుకు వెళ్లాక ఫోన్ చేసి అలిగినవారని అర్థం చేసుకోవాలి. జ్యోతి వెలిగించబోతే ఫ్యాను గాలికి ఆరిపోయింది. ఫ్యాన్లు ఆపారు. ఎవరి జేబులోనూ అగ్గిపెట్టె లేదు. బయటి బండివాణ్ణి అడిగి లైటర్ తెచ్చారు. జ్యోతి వెలిగింది, చప్పట్లు మోగాయి, ఫోటో దిగారు, ఫ్యాన్లు వేయడం మరిచిపోయారు.

ఆనాటి చర్చాంశం: నేటి యువత, తెలుగు సాహిత్యం. వేదిక మీద ఉన్నవాళ్లందరిలోకీ చిన్నవారు కిందటేడాదే రిటైరయ్యారు. వ్యాఖ్యాత ఒక్కొక్కరినీ పరిచయం చేశారు. పుట్టిన ఊరు, చదివిన బడి, బదిలీ అయిన ఆఫీసులు, పొందిన బిరుదులు, ముగ్గురు పిల్లల్లో ఇద్దరు అమెరికాలో ఉన్న వైనం. ఆ పరిచయ పత్రాలు ఎవరివి వారే రాసుకొచ్చి ఇచ్చినవి. అంచేత ఒక్క వాక్యమైనా వదిలేస్తే వేదిక మీంచి దగ్గు వినిపిస్తుంది. తర్వాత ప్రసంగాలు. "నాకిచ్చిన సమయం ఐదు నిమిషాలు, రెండు ముక్కల్లో ముగిస్తాను" అన్నాయన నన్నయతో మొదలెట్టారు. అధ్యక్షులవారు చీటీ పంపారు. వక్త దాన్ని చదవకుండా మడిచి జేబులో పెట్టుకుని తిక్కనలోకి వెళ్లారు. రెండో చీటీ పోతనకు, మూడోది ప్రబంధయుగానికి సరిపోయాయి. నన్నడిగితే, మన సభల్లో చీటీ వెళ్లేటప్పుడు వక్త ముఖం చూడాలి. అంత ప్రశాంతత యోగులకు కూడా ఉండదు.

ఏడింటికి లెక్చరర్‌గారు హాజరు వేసుకున్నారు. ఏడూ ఐదుకు వెనక వరుసలన్నీ ఖాళీ. గేటు దగ్గర చెప్పుల చప్పుడు విని గౌరవ అతిథి, "చూశారా, ఇదీ నేటి యువత" అని సాక్ష్యం దొరికినట్టు సంతోషించారు.

ఒక్క అమ్మాయి మిగిలింది. బీఎస్సీ రెండో ఏడు. ఒళ్లో నోటుబుక్కు. ఎనిమిదీ నలభైకి వ్యాఖ్యాత "సమయాభావం వల్ల చర్చను వచ్చే నెలకు వాయిదా వేస్తున్నాం" అంటుండగా చెయ్యెత్తింది. ఎవరూ చూడకపోతే లేచి నిలబడింది.

"సార్, ఒక్క ప్రశ్న. తొమ్మిది మంది మా గురించి మాట్లాడారు. ఈ పదేళ్లలో వచ్చిన కథల పుస్తకం ఒక్కటైనా ఎవరూ చెప్పలేదు. ఏమైనా చదివారా సార్?"

హాలంతా గప్‌చుప్. గౌరవాధ్యక్షులు చిరునవ్వుతో అందుకున్నారు. "ఎవరి తాలూకు అమ్మా నువ్వు? మీ నాన్నగారి పేరేంటి?"

"ఆటో నడుపుతారండి. పుస్తకం సంగతి చెప్పండి సార్."

"ముందు గురజాడను చదువుకో తల్లీ. ఆ తర్వాత మాట్లాడుదువు గాని."

"చదివానండి. ఆయనా ఆ రోజుల్లో కొత్తగా రాసినాయనే కదండీ."

"ఇప్పుడు వందన సమర్పణ!" అని కార్యదర్శిగారు కేకేశారు. మైకు ఆపరేటర్ ఎవరూ చెప్పకుండానే తన పని తాను చేశాడు. మరుసటి నెల ఆ అమ్మాయి రాలేదు. "కొత్తవారు వచ్చినా నిలకడగా ఉండటం లేదు" అని మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాం. సలహాదారుగా నేనూ సంతకం పెట్టాను.

ప్రశ్న అడిగితే సభా మర్యాద చెడిపోతుందన్న ఈ భయం మనకు ఎక్కణ్ణుంచి వచ్చిందో గానీ, పూర్వులనుంచి మాత్రం కాదు. అవధానం తెలుగువాడి సొత్తని ప్రతి సభలోనూ ఛాతీ విరుస్తాం. అష్టావధానంలో పద్యం చెప్పేవాడు ఒకడైతే అడిగేవాళ్లు ఎనిమిది మంది. అందులోనూ ఒకాయన పనల్లా అడ్డదిడ్డంగా మాట్లాడి అవధాని ధారకు అడ్డు తగలడమే. అప్రస్తుత ప్రసంగం అని దానికో పేరు, వేదిక మీద ఒక కుర్చీ, గౌరవంగా ఒక తాంబూలం. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి జనాన్ని గుమిగూర్చింది ఈ అడిగేవాళ్ల బలంతోనే. ఏం అడుగుతారో, అవధాని ఏం చెబుతాడో, ఎక్కడ దొరికిపోతాడో అన్న ఉత్కంఠ లేకపోతే నిషిద్ధాక్షరి వినడానికి ఎవడొస్తాడు? మనం ఆ సంప్రదాయాన్ని ఎంతగా అభివృద్ధి చేశామంటే, అడిగే ఎనిమిది మందినీ దించేసి తొమ్మిది కుర్చీలూ అప్రస్తుత ప్రసంగానికే కేటాయించేశాం.

అయితే నేను కార్యవర్గాన్ని తెలివితక్కువవాళ్లని అనను. కొత్తవాళ్లు రాకపోయినా నడిచిపోయే ఏర్పాటు ఒకటి వాళ్లు ఎప్పుడో చేసుకున్నారు. అది ఎలా నడుస్తుందో దగ్గరగా చూడండి. ఒకాయన కవితలు రాసి, పెన్షన్ డబ్బుతో 500 కాపీలు వేయించుకుంటాడు. ఆవిష్కరణకు హాలు అద్దె ఆయనదే, మైకు ఆయనదే, టిఫిను ఆయనదే, అతిథుల శాలువాలూ ఆయనవే. వేదిక పేరు మాత్రం మాది. ఆయన పుస్తకాన్ని ఈయన ఆవిష్కరిస్తారు. వచ్చే నెల ఈయన పుస్తకాన్ని ఆయన సమీక్షిస్తారు. ఇద్దరూ కలిసి మూడో ఆయనకు బిరుదు ఇస్తారు. పుస్తకం విప్పకుండా, అట్ట మీది బొమ్మను పట్టుకుని ఇరవై నిమిషాలు మాట్లాడగల సమర్థులు మా దగ్గర కనీసం నలుగురున్నారు. ఇక శాలువా సంగతి: మా వేదికలో కప్పే మెరూన్ రంగు శాలువా ఒకటి, అంచు దగ్గర కాఫీ మరక ఉన్నది, నాకు బాగా గుర్తు. అది పలువురు పండితుల భుజాల మీదుగా ఊరంతా చుట్టి తిరిగి మా దగ్గరికే వస్తుంటుంది. మెమెంటోలకు ఆ సౌకర్యం లేదు, పేరు చెక్కించి చస్తారు.

ఈ బండి ఇలా సాగిపోతుండగా శ్రోత అవసరం ఎక్కడ? ఒకే ఒక్కచోట. పేపరువాళ్లు ఫోటో తీసేటప్పుడు. "అందరూ ముందుకొచ్చి కూర్చోండి, రెండే నిమిషాలు" అని పిలిచి, టీ తాగుతున్నవాళ్లను, సౌండు సిస్టం కుర్రాళ్లను, అతిథుల డ్రైవర్లను తెచ్చి మొదటి వరుసల్లో కుదేస్తారు. జిల్లా అనుబంధంలో ఫోటో వస్తుంది, "కిక్కిరిసిన సభ" అని కింద రాస్తారు. రాసి పంపేది మన కార్యదర్శిగారే. కాబట్టి కొత్తవాళ్లు కావాలంటే అర్థం, కొత్త తలకాయలు కావాలని. తలలో ఉన్నది అక్కర్లేదు.

ఇంత అన్నాక, మరి జనాన్ని రప్పించినవాళ్లు మన చరిత్రలో లేరా అని అడగాలి కదా. ఉన్నారు. ఆ కథలు మన వక్తలు ప్రతి సభలోనూ చెబుతారు, అందులో తమకు పనికొచ్చే ముక్క తప్ప.

1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. దానికి హాలు లేదు, ఫ్లెక్సీ లేదు. రావిచెట్టు రంగారావు ఇంట్లో పెట్టారు. కొమర్రాజు లక్ష్మణరావు లాంటివాళ్లు వెనక ఉన్నారు. తెలుగు బడి దొరకడమే గగనమైన నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం, తెలుగు పత్రిక చేతికి దొరికే చోటది. వచ్చినవాడికి శాలువా కప్పకపోయినా వాడికి కావలసినది అక్కడ ఉంది. అందుకే వచ్చాడు.

ఇరవయ్యేళ్ల తర్వాత 1921 నవంబరులో అదే హైదరాబాద్‌లో వివేకవర్ధని థియేటర్లో సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షులు ధోండో కేశవ కర్వే. స్త్రీ విద్య కోసం జీవితం ధారపోసిన మహానుభావుడు. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడినవాళ్లను సభ విన్నది. అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మొదలుపెట్టగానే ఈలలు వేసి, గోల చేసి కూర్చోబెట్టారు. సంస్కరణ సభలోనే! అక్కడున్న తెలుగువాళ్లు కొందరు లేచి బయటికి వచ్చేశారు. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కూర్చుని ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు దాన్ని భుజాన వేసుకున్నారు. మొదటి రోజు వచ్చినవాళ్లు మహా అయితే డజను మంది. హాజరు చూసి విచారం వ్యక్తం చేయడానికి వాళ్లకు తీరిక లేకపోయింది.

తర్వాత 1929లో గస్తీ నంబరు 53 అనే ఉత్తర్వు వచ్చింది. సర్కారు అనుమతి లేకుండా సభ పెట్టకూడదని దాని సారాంశం. అంటే సభకు వెళ్లడమంటే పోలీసు కంట్లో పడటం. అయినా ఆ జన సంఘానికి కొనసాగింపుగా 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ జరిగింది. దాని పక్కనే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. మరి మన వేదికలో ఆడవాళ్ల పని ఇప్పటికీ ప్రార్థనాగీతం, బొకే అందించడం. మనకిప్పుడు గస్తీ లేదు, పోలీసు లేడు, హాలుకు ఏసీ కూడా పెట్టించారు. జనమే లేరు.

ఆ మహాసభ కూడా చాలాకాలం వకీళ్లది, పెద్దలది, మోతుబరులదేననుకోండి. తీర్మానాలు, వినతులు, మర్యాద. అది పల్లెకు ఎప్పుడు దిగిందంటే, రెండు పనులు చేశాక. వెట్టి, కౌలు, బేదఖలు లాంటి రైతుకూలీ బతుకుల సంగతి సభకు ముఖ్య విషయం అయింది. రావి నారాయణరెడ్డి అధ్యక్షుడైన 1944 భువనగిరి మహాసభ నాటికి సభ్యత్వ రుసుం రూపాయి నుంచి నాలుగణాలకు దిగింది. అంతే, ఊళ్లకు ఊళ్లు చేరాయి. నల్లగొండ పల్లెల్లో దాన్ని జనం "సంగం" అన్నారు. దొర గడీ ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచినవాడు సంగంలో తన కష్టం తన నోటితో చెప్పుకున్నాడు. ఆ రాజకీయాలు మీకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. అక్కడినుంచి అది ఎటు వెళ్లిందో వేరే కథ. నా పాయింటు ఒక్కటే. జనాన్ని తెచ్చింది టిఫిన్ కాదు. మా వేదిక జీవిత సభ్యత్వం మాత్రం ఇప్పుడు 5,000 రూపాయలు. ఆ అమ్మాయి వాళ్ల నాన్న ఆటో ఎన్ని ట్రిప్పులు తిప్పితే అంత మిగులుతుందో కోశాధికారిగారు లెక్క కట్టి చెప్పాలి.

ఆంధ్ర వైపు కథ కావాలా? 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లా పెదపాలెం నుంచి పడవలో పుస్తకాలు వేసి కాలువ వెంట ఊళ్లకు పంపారు. కృష్ణ కాలువ మీద పడవ గ్రంథాలయం. రైతు గట్టు మీదికొచ్చి పుస్తకం తీసుకునేవాడు, పాతది ఇచ్చేవాడు. "పఠనాసక్తి సన్నగిల్లుతోంది" అని గట్టు మీద సభ పెట్టి బాధపడితే ఆ పడవ కదిలేది కాదు. మనం సాహిత్యాన్ని జనంలోకి తీసుకెళ్లాలని తీర్మానం చేస్తాం, ఆ తీర్మానం చేయడానికి జనం మన ఏసీ హాలుకు రావాలంటాం.

సన్మాన సభల మీద నాకు కోపం లేదు, ఒక్కోసారి వాటివల్ల కూడా మేలు జరుగుతుంది. 1970 ఫిబ్రవరిలో విశాఖలో శ్రీశ్రీ షష్టిపూర్తి. పొగడ్తలతో, దండలతో, ఫోటోలతో సాఫీగా సాగిపోవలసిన పండగ. విశాఖ విద్యార్థుల పేరుతో ఒక కరపత్రం వచ్చి రచయితలను నిలదీసింది: మీరెటువైపు అని. మన కార్యదర్శిగారైతే అక్కడే వందన సమర్పణ చేయించేవారు. ఆ సభకొచ్చిన పెద్దల్లో కొందరు మాత్రం ఆ కరపత్రాన్ని మడిచి జేబులో పెట్టుకోలేదు. ఆరు నెలలు తిరక్కుండా జులై 4న విప్లవ రచయితల సంఘం, అంటే విరసం, పుట్టింది. దండ వేయించుకోవలసిన శ్రీశ్రీయే దానికి మొదటి అధ్యక్షుడు. షష్టిపూర్తి చేసుకున్నాయన, పిల్లలు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన బాధ్యత తనదనుకున్నాడు. మీ నాన్నగారి పేరేంటని అడగలేదు.

సరే, అప్పటి యువత వేరు, ఇప్పటి పిల్లలు పది నిమిషాలు కుదురుగా కూర్చోలేరు, ఫోన్లు పాడుచేశాయి అంటారా? ఓసారి హైదరాబాద్ చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి రండి. పొద్దున్నే వెళ్లాలి, ఆలస్యమైతే కూర్చోవడానికి చోటుండదు. గ్రూప్స్ అని, కానిస్టేబుల్ అని, డీఎస్సీ అని చదివే పిల్లలు లోపల చోటు చాలక చెట్ల కింద, గోడల వార కూర్చుని చదువుతుంటారు. మధ్యాహ్నం అయిదు రూపాయల భోజనం, రాత్రి దాకా చదువు. వాళ్ల మధ్య జరిగే చర్చలు వినండి. రాజ్యాంగం, తెలంగాణ చరిత్ర, నీళ్ల పంపకాలు, రిజర్వేషన్లు, నోటిఫికేషన్ ఎందుకు వాయిదా పడింది, ఎవరు కోర్టుకెళ్లారు. మన తొమ్మిది మంది అతిథులకూ ఆ బల్ల దగ్గర అయిదు నిమిషాలు నిలబడే సత్తా లేదు. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకు, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లండి. స్టాళ్ల దగ్గర తోసుకుంటున్నది ఎవరో చూడండి. పాకెట్ మనీ లెక్కపెట్టుకుని కొత్త రచయితల పుస్తకాలు కొంటున్న పిల్లలు కనబడతారు. మనవాళ్లు కూడా కనబడతారు, పక్కనే వేదిక మీద, తమను తామే ఆవిష్కరించుకుంటూ.

గ్రామసభల సంగతి చూసినా ఇదే. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. ఉపాధి హామీ పనుల ఆమోదం దాని ఎజెండా. ఏ వీధికి రోడ్డు, ఎవరి పొలం పక్క కాలువ అన్నది తేలే సభకు జనం పనిగట్టుకుని వెళ్తారు. ఎజెండా లేని రోజుల్లో మాత్రం రిజిస్టరే ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకొస్తుంది. సంతకం పెట్టినవాడు సభకు వెళ్లాడని లెక్క. మా వేదిక అంతకంటే నయం, సంతకం కోసం హాలు దాకా రప్పిస్తుంది.

ఎజెండా పెట్టుకుని నడిచే సాహిత్య సభలూ ఉన్నాయి. డిట్రాయిట్‌లో మనవాళ్లు 1998 నుంచి ఒక సాహితీ సమితి నడుపుతున్నారు. ఒక పుస్తకం ముందే చెప్పుకుంటారు, అందరూ చదివి వస్తారు, కూర్చుని దాన్ని తిడతారో మెచ్చుకుంటారో అది వాళ్ల ఇష్టం. ఈ సంగతి నేను కార్యవర్గంలో చెబితే ఒక ఉపాధ్యక్షులు, "చదివి రావాలంటే మన సభ్యులు కూడా రారండీ" అన్నారు. ఆ సమావేశం మొత్తంలో నిఖార్సైన మాట అదొక్కటే. దాన్ని మినిట్స్‌లో రాయలేదు.

సలహాదారునన్నారు కాబట్టి చివరగా ఒక సలహా ఇచ్చాను. ఒక్క నెల వేదిక ఎత్తేసి, కుర్చీలు గుండ్రంగా వేద్దాం, ఒక కథ ఎన్నుకుందాం, మొదటి గంట ముప్ఫయ్యేళ్ల లోపు వాళ్లే మాట్లాడతారు, మనం వింటాం అన్నాను. నిశ్శబ్దం. గుండ్రంగా వేస్తే ముఖ్య అతిథి ఎవరో ఫోటోలో ఎలా తెలుస్తుందని అధ్యక్షులు అడిగారు. గంటసేపు మనం ఖాళీగా కూర్చోవాలా అని విశిష్ట అతిథి అడిగారు. పిల్లలేమైనా అంటేనో అని సహాయ కార్యదర్శి భయపడ్డారు. సలహాను పరిశీలనలో ఉంచి, దాన్ని పరిశీలించడానికి ఒక ఉపసంఘం వేశారు. ఉపసంఘానికి కన్వీనరు, కో-కన్వీనరు, గౌరవ సలహాదారు ఉన్నారు. ఆ సాయంత్రం లాభం పొందిన కొత్తవాళ్లు ఎవరూ లేరు గానీ కొత్త పదవులు మూడు వచ్చాయి.

కాబట్టి ఇంక కార్యవర్గానికి చెప్పడం దండగ. చదివే పిల్లలకు చెబుతాను. బాబూ, అమ్మా, మీ ఊళ్లో ఇలాంటి సభ పెడితే వెళ్లండి. చెయ్యెత్తండి. రెండుసార్లు అడగండి. మైకు ఇస్తే మర్యాదగా, సూటిగా మాట్లాడండి. ఇవ్వకపోతే తగువు పెట్టుకోకండి, వాళ్ల జ్యోతి వాళ్లను వెలిగించుకోనివ్వండి. మీలాంటివాళ్లు నలుగురు ఆ హాల్లోనే వెనక వరుసల్లో ఉంటారు. వాళ్లను పిలుచుకుని బయటికి వచ్చి, ఎవరో ఒకరి ఇంట్లో ఆ రాత్రే కూర్చోండి. తెలుగులో మాట్లాడనివ్వనందుకు 1921లో బయటికొచ్చినవాళ్లు చేసింది అదే. వాళ్లను గోల చేసి కూర్చోబెట్టినవాళ్ల పేర్లు ఇవాళ ఎవరికీ తెలియవు.